ఫోను లాగికొనిన తరువాత

ధ్యానభాగము: మత్తయి సువార్త 12:43–45



గత సంవత్సరము మిరపకోతల దినములలో ఒక సాయంకాలము గృహదర్శనమునకు పోయి, ఒక యింటి వసారాలో కూర్చుంటిని. ఆ యింటి అవ్వ తన మూడేండ్ల మనుమరాలికి అన్నము పెట్టుచుండెను. నీళ్ల చెంబునకు ఫోను ఆనించియుండెను. అందులో రంగురంగుల బొమ్మలు పాడుచు ఎగురుచుండెను. బిడ్డ కన్నులు ఆ తెరమీదనే యుండెను. ముద్ద దగ్గరకు వచ్చినప్పుడు నోరు మాత్రము తెరచుచుండెను. తినుచున్నది పప్పన్నమో పెరుగన్నమో ఆ బిడ్డకు తెలియదు.

నేను ప్రార్థన చేయుదునంటిని. అవ్వ శబ్దము తగ్గించెను గాని ఫోను ఆపలేదు. ఆపినయెడల బిడ్డ ఏడుపుతో ప్రార్థన సాగదని ఆమెకు తెలియును. నేను కన్నులు మూసికొని దేవుని వేడుకొనుచుండగా ఆ సన్నని పాట నా మాటల క్రింద నడచుచునే యుండెను.

లేచి వచ్చునప్పుడు కొంచెము కోపముతోనే, "అవ్వా, బిడ్డకు ఇది మంచిది కాదు గదా" అంటిని. ఆమె నొచ్చుకొనలేదు. "ఏం చెయ్యమంటారయ్యగారూ? దీనమ్మ తెల్లారకముందే ఆటో ఎక్కి కోతకు పోయింది. నా మోకాళ్లు లేవనియ్యవు. ఇది వీధిలోకి ఉరికిందంటే ట్రాక్టర్లు. ఈ ఫోనే నాకు కాపలా మనిషి" అనెను.

దానికి నాయొద్ద జవాబు లేకపోయెను. సెమినరీలో నేర్చుకొన్న యే పాఠమును ఆ వసారాలో నాకు అక్కరకు రాలేదు. అప్పటినుండి ఒక ప్రశ్న నన్ను విడువలేదు. మనమే బిడ్డ చేతికిచ్చి, మన తీరికలేమినిబట్టి మనమే అలవాటుచేసి, తరువాత ఆ అలవాటును చూచి ఆ బిడ్డను కొట్టుట న్యాయమా? అట్లని ఊరకుండుట ప్రేమ యగునా?

మొదట ఒక మాట చెప్పవలెను. ఫోను సాతాను పెట్టె యనియు, మృగము ముద్ర యనియు బోధించువారు కొందరు గ్రామములకు వచ్చుచున్నారు. నేను అట్లు చెప్పజాలను. ఆ బోధకులు తమ సభల సంగతి ఫోనులోనే తెలియజేయుచున్నారన్న మాట అటుంచుడి. మన సంఘములో కువైటులో ఇంటిపనికి పోయిన తల్లులున్నారు. వారి బిడ్డ వారి ముఖము చూచునది ఆ చిన్న అద్దములోనే. చూపు తగ్గిన పెద్దలు వాక్యము వినునది దానిలోనే. 2020 మార్చిలో కొరోనా వలన బడులు మూతబడినప్పుడు పాఠములు ఇంటికి వచ్చినది తెర మీదుగానే. ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరిలోను, తెలంగాణలో ఆ సెప్టెంబరునుండి యాదగిరి, టీశాట్ చానళ్లలోను, పట్నపు బడులవారికి ఫోనులోను. అప్పటివరకు ఫోను లేని తల్లిదండ్రులు అప్పుచేసి కొనిరి. కొనుడని చెప్పినవారిలో నేనును ఒకడను. బడులు తిరిగి తెరచిరి, పిల్లలు తిరిగి వెళ్లిరి. ఫోను మాత్రము ఇంటిలో నిలిచిపోయెను.

2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టు చౌక కాకమునుపు, మన గ్రామములలో దానిని నూతి నీళ్లవలె పొదుపుగా వాడుకొనెడివారము. ఇప్పుడు అది కాలువ తెగినట్లు వచ్చుచున్నది. కొలత పోయినది. ఈ కొలత సంగతియే నేను కొంచెము నిలిచి చెప్పగోరుచున్నాను.

నాకు ఎనిమిదేండ్ల వయస్సులో, 1988లో, మా ఊరి పంచాయతీ ఆఫీసులో ఒక టీవీ యుండెను. ఆదివారము ఉదయము మహాభారతము వచ్చెడిది. ఊరి పిల్లలందరము కిటికీలకు వ్రేలాడి చూచెడివారము. సండే స్కూలుకు ఆలస్యముగా వచ్చి టీచరమ్మ చేత చెవి మెలిపెట్టించుకొన్నవారిలో మీ పాస్టరు ఒకడు. అప్పుడును పెద్దలు, పిల్లలు చెడిపోవుచున్నారని దుఃఖపడిరి. కాని ఆ కథాభాగము ముగియగానే పంచాయతీ బంట్రోతు లేచి టీవీ కట్టివేసి, గదికి తాళము వేసెడివాడు. మేము గొణుగుకొనుచు పోయెడివారము. టూరింగు టాకీసులో సినిమా చివర తెరమీద "శుభం" అని పెద్ద అక్షరములు పడెడివి. అవి పడిన తరువాత ఎంత ఇష్టమున్నను కూర్చుండుటకు వీలు లేదు. పుస్తకమునకు కడపటి పేజీ యుండెను. ఆటకు చీకటి యుండెను.

ఈనాటి తెరకు శుభం లేదు. ఒక వీడియో ముగియుచుండగానే మరియొకటి దానంతట అదే మొదలగును. వ్రేలితో పైకి త్రోసినకొలది క్రొత్తది వచ్చుచునేయుండును. ఇది ఏమరుపాటున ఏర్పడినది కాదు, మనుష్యులు కూర్చుండి ఆలోచించి చేసిన పని. అడుగు లేకుండ జారుచుండు ఈ పద్ధతిని 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్ అను అమెరికా దేశస్థుడు, దానిని చేసినందుకు విచారపడుచున్నానని తరువాత తానే బహిరంగముగా చెప్పుకొనెను. మనము ఎంత సేపు చూచిన ఆ కంపెనీలకు అంత లాభము గనుక, ముగింపును వారు తీసివేసిరి. నలువదేండ్ల మనుష్యుడు ముగించుకొనలేనిదానిని నాలుగేండ్ల బిడ్డ ముగించుకొనవలెనని మనము ఎదురుచూచుచున్నాము, ముగించుకొననందుకు కొట్టుచున్నాము.

వైద్యులు కొలత చెప్పియున్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఏడాది నిండని బిడ్డకు తెర వద్దనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు, అంతకంటె తక్కువయైన మరి మంచిదనియు చెప్పెను. మూడు నాలుగేండ్ల బిడ్డలకు పది మొదలు పదమూడు గంటల నిద్ర కావలెనని ఆ పత్రములోనే యున్నది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌వారు కూడ రెండేండ్లలోపు వద్దనియే చెప్పిరి; దూరమున నున్న బంధువులతో అప్పుడప్పుడు ముఖాముఖిగా మాటలాడుటను మాత్రము విడిచిపెట్టిరి. కువైటు తల్లులు నెమ్మదిగా ఉండవచ్చును.

ఇశ్రాయేలీయులకు అరణ్యములో మన్నా కురిసినప్పుడు దేవుడు మొదట నేర్పినది కొలతయే. తలకు ఒక ఓమెరు. రేపటికని దాచుకొన్నది తెల్లవారునప్పటికి పురుగుపట్టెను (నిర్గమ 16). మన్నా చెడ్డ ఆహారము కాదు, పరలోకమునుండి వచ్చినది. అయినను దానికి కొలత యుండెను. ఆ ప్రజలు కొలతను ప్రసంగము విని నేర్చుకొనలేదు. ప్రతి ఉదయము గిన్నె పట్టుకొని పోయి, నింపుకొని, ఇంక చాలునని తిరిగివచ్చి నేర్చుకొనిరి. నలువది సంవత్సరములు పట్టెను. మనము రెండు దినములలో బిడ్డ మారవలెనని చూతుము.

ఇక నా యింటి సంగతి చెప్పుదును. చెప్పకుండ ఈ మాటలు వ్రాయుట నాకు తగదు.

మా చిన్నవాడు ఆరవ తరగతి చదువుచున్నాడు. ఒక రాత్రి పండ్రెండు దాటిన తరువాత, మరణపడకనున్న ఒకరి యింటినుండి నేను తిరిగివచ్చి చూడగా, దుప్పటి క్రింద వెలుగు కనబడెను. దుప్పటి తీసితిని. వాని తల్లి ఫోను. నేను దానిని లాగికొని, వాని చెంపమీద కొట్టితిని. ఆ దెబ్బకు నా భార్య లేచెను. మరునాటినుండి ఆ ఫోను బీరువాలో పెట్టి తాళపుచెవి నా జేబులో వేసికొంటిని. మూడు దినములు వాడు బడినుండి వచ్చి గుమ్మములో కూర్చుండి మట్టిమీద గీతలు గీచుచుండెను. చూచితివా, ఏలీవలె గాక నేను నా బిడ్డను అడ్డగించితినని నా మనస్సులో కొంత గర్వము కలిగెను. నాలుగవ దినమున వాడు కనబడలేదు. వెదకగా, రెండు వీధుల అవతల తనకంటె అయిదారేండ్లు పెద్దవారైన కుఱ్ఱవాండ్ర నడుమ కూర్చుండి, వారి ఫోనులో చూచుచుండెను. మా యింటిలో వాడు చూచినది ఏదో నాకు తెలియదు గాని, అక్కడ చూచుచున్నది వానికి తగినది కాదు.

అపవిత్రాత్మ విడిచిపోయిన ఇంటిని గూర్చి మన ప్రభువు చెప్పిన మాట ఆ రాత్రి నాకు జ్ఞాపకము వచ్చెను. ఆ ఇల్లు ఊడ్చి అమర్చియుండెను, కాని ఖాళీగా నుండెను. గనుక పోయినది తనకంటె చెడ్డవైన మరి యేడింటిని వెంటబెట్టుకొని తిరిగివచ్చెను. ఆ మాట తన కాలపు తరమువారిని గూర్చి ప్రభువు చెప్పినదని సెమినరీలో మా గురువులు నేర్పిరి. అది నిజమే, దానిని మార్చుటకు నేను సాహసింపను. పిల్లవానికి దయ్యము పట్టెనని కూడ నేను చెప్పుటలేదు. అయితే ఇల్లు ఊడ్చుట వేరు, నింపుట వేరు అను సంగతి అందులో ఉన్నది. నేను ఊడ్చితిని. నింపలేదు. ఊడ్చినందుకే నన్ను నేను మెచ్చుకొంటిని.

ఏలీని గూర్చి ఒక మాట. ఆయన తన కుమారులతో ఏమియు అనలేదని చాలమంది తలంచుచున్నారు. ఆయన అనెను, గట్టిగానే గద్దించెను (1 సమూయేలు 2:22–25). దేవుడు ఆయనమీద మోపిన తప్పు, వారిని అడ్డగింపలేదని (3:13). మన యిండ్లలో గద్దింపునకు కొదువ లేదు. "ఫోను పెట్టు" అను మాట దినమునకు ఇరువదిసార్లు వినబడును. పెట్టించుట మాత్రము లేదు, ఏలయనగా పెట్టించవలెనన్న మనము లేవవలెను. కేకవేయుటకు మంచముమీదనుండి లేవనక్కరలేదు. ఆ దినములలో బంట్రోతు లేచి తాళము వేసినట్లు, ఇంటిలో ఎవరో ఒకరు లేవవలెను. లేచిన తరువాత బిడ్డయొద్ద ఉండవలెను. కష్టమైనది ఆ రెండవదే.

రెండు దినములైన తరువాత నేను వానియొద్ద కూర్చుండి, "ఆ రాత్రి ఏమి చూస్తున్నావురా?" అని అడిగితిని. అంతకుముందు ఎన్నడును అడుగలేదు. వాడు మొదట చెప్పలేదు. నేను మరల కొట్టుదునని భయపడెను. చివరకు, "చేపలు పట్టేది నాన్నా" అనెను. ఎక్కడో దేశములో ఒకడు గాలము వేసి చేపలు పట్టుచుండగా ఈ బిడ్డ అర్ధరాత్రి దుప్పటి క్రింద చూచుచుండెను. మా యింటికి అరమైలు దూరమున సాగరు కాలువ పారుచున్నది. పదునొకండేండ్లలో నేను వానిని ఒక్కసారియు దాని గట్టుకు తీసికొనిపోలేదు. నాకు సభలున్నవి, దర్శనములున్నవి, మరణములున్నవి. నేను దేవుని పనిలో ఉన్నాను గదా.

మోషే తల్లిదండ్రులకు ఆజ్ఞాపించినప్పుడు నాలుగు వేళలను చెప్పెను: ఇంట కూర్చుండు వేళ, త్రోవను నడచు వేళ, పండుకొను వేళ, లేచు వేళ (ద్వితీయోపదేశ 6:7). మీ యింటిలో ఒక దినము గమనించుడి. ఇంట కూర్చున్నప్పుడు, ఆటోలో పోవునప్పుడు, పండుకొన్నప్పుడు, లేవగానే — ఆ నాలుగు వేళలు ఎవరి చేతిలో ఉన్నవి? పిల్లలను మాత్రమే చూడకుడి.

మా కుటుంబ ప్రార్థనలో నేను కొంతకాలము ఫోనులోని బైబిలునే చదువుచుంటిని. అక్షరములు పెద్దవి చేసికొనవచ్చును. అద్దములు వెదకుకొన నక్కరలేదు. ఒక సాయంకాలము కీర్తన చదువుచుండగా తెర పైభాగమున ఒక వాట్సాపు వార్త దిగెను. నా కన్ను దానిమీద పడెను, నా నోరు ఒక క్షణము ఆగెను. మా చిన్నవాడు తల యెత్తి, "ఎవరు నాన్నా?" అనెను. వాడు నా ముఖమును చదువుచుండెను. మరునాడు మా మామగారిచ్చిన పాత బైబిలు దింపి దుమ్ము దులిపితిని.

ఫోనులోనే కాలపరిమితి పెట్టు ఏర్పాట్లున్నవి. గూగులువారి ఫ్యామిలీ లింక్ అనునది అట్టిదే. తరువాతి వీడియో తానంతట తాను రాకుండ ఆపివేయుటకును యూట్యూబులో మీట యున్నది. తెలిసిన యువకులచేత పెట్టించుకొనుడి, మంచిదే. ఆస్ట్రేలియా దేశములో పదునారేండ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదని చట్టముచేసి, 2025 డిసెంబరు 10 నుండి అమలులో పెట్టిరి. ప్రభుత్వములు తాళము వేయగలవు. బిడ్డ ప్రక్కన కూర్చుండుటకు ప్రభుత్వము రాదు.

మా యింటిలో ఇప్పుడు జరుగుచున్నది ఇంతే. రాత్రి తొమ్మిదింటికి అన్ని ఫోనులును, నాదియు, ముందుగదిలో బియ్యపు డబ్బామీద పండుకొనును. అర్ధరాత్రి ఎవరికైన నేను కావలసివచ్చును గనుక శబ్దము మాత్రము ఆపము. అన్నము దగ్గర ఎవరిదియు ఉండదు. పిల్లలకు సాయంకాలము కొంత సేపు చూచుటకు ఇత్తుము. ఎంత సేపో ముందే చెప్పి, అయిపోవుటకు కొంచెము ముందు మరల చెప్పుదుము. ఒక్కసారిగా లాగికొనము. పిల్లలకు కోపము రేపవద్దని పౌలు తండ్రులకే ప్రత్యేకముగా వ్రాసెను (ఎఫెసీ 6:4). నా చేయి ఎంత త్వరగా లేచునో ఆయనకు తెలిసినట్లున్నది. మొదటి వారము ఏడుపు తప్పదు. మొదటి వారము నాకును చేయి ఊరక బియ్యపు డబ్బావైపు పోవుచుండెను.

ఇదంతయు ఇంటిలో ఇద్దరు పెద్దలు, సాయంకాలము కొంత తీరికయు ఉన్నవారి మాట. ఆ అవ్వ సంగతి ఏమి? తెల్లవారకముందు పోయి, చీకటిపడి వచ్చి, కట్టెలు తెచ్చి వండుకొను తల్లికి, "బిడ్డతో గడుపు మమ్మా" అని నేను ప్రసంగపీఠముమీదనుండి చెప్పుట సులభము. మోయలేని బరువులు మనుష్యుల భుజములమీద పెట్టి, తాము వ్రేలితోనైనను కదలింపని బోధకులను గూర్చి ప్రభువు ఏమనెనో మత్తయి 23వ అధ్యాయములో ఉన్నది. ఆ మాట నాకు అన్వయించునని నేను భయపడితిని. ఆ తల్లి ఫోనును కాపలా పెట్టినది, మనుష్యులలో ఎవరును కాపలాకు రాలేదు గనుక. తప్పు ఉన్నయెడల ఆమె ఒక్కతెమీద మోపుటకు నాకు మనస్సు ఒప్పలేదు. బాప్తిస్మపు దినమున బిడ్డను చూచి సంఘమంతయు మాట యిచ్చినది గదా.

పెద్దలతో మాటలాడి, సోమ బుధ శుక్రవారములలో సాయంకాలము నాలుగున్నరనుండి ఆరున్నరవరకు మందిరపు ఆవరణము తెరచితిమి. సండే స్కూలు టీచరమ్మయు, ఇద్దరు యువకులును ఉందురు. పాఠము లేదు, ప్రసంగము లేదు. తొక్కుడుబిళ్ల, గోళీలు, కబడ్డీ, అచ్చనగండ్లు. మొదటి వారము ముప్పది మంది వచ్చిరి. నెల తిరుగునప్పటికి పండ్రెండుగురు మిగిలిరి. ఒక సాయంకాలము నేను వెళ్లి చూడగా, కాపలా ఉండవలసిన యువకులిద్దరును వేపచెట్టు క్రింద తమ ఫోనులు చూచుచుండిరి. అప్పటినుండి లోపలికి వచ్చువారు ఎవరైనను ఫోను ఇచ్చి రావలెనని నియమించితిమి. మొదట వాటిని కానుకల సంచిలో వేయించితిమి. ఒక పెద్ద ఆక్షేపించిరి. ఆయన చెప్పినది సమంజసమే. ఇప్పుడు వెదురుబుట్ట పెట్టితిమి. పిల్లలు మరల ఇరువది మందివరకు వచ్చుచున్నారు. మధ్యాహ్నపు కూలికి పోనవసరము లేని సహోదరీలు ఒకరిద్దరు వచ్చి కూర్చుండినయెడల చిన్నబిడ్డలను కూడ చేర్చుకొనవచ్చును. మీ పేర్లు టీచరమ్మకు చెప్పుడి.

ఆ అవ్వ మనుమరాలిని ప్రక్క యింటి అమ్మాయి చంకనెత్తుకొని తెచ్చుచున్నది. సాయంకాలములు బాగుగానే ఆడుకొనుచున్నది. మధ్యాహ్నము అన్నము దగ్గర మాత్రము చెంబునకు ఫోను ఆనించియే యున్నది. ఆ మధ్య నేను వెళ్లినప్పుడు అవ్వ నన్ను చూచి దానిని కొంగు క్రింద దాచబోయెను. నేను ఏమియు అనలేదు. బిడ్డకు రెండు ముద్దలు నేను పెట్టితిని. ఒకటి తినెను, ఒకటి నా చొక్కామీద ఉమిసెను.

మా చిన్నవాడును నేనును సోమవారములు కాలువగట్టుకు పోవుచున్నాము. మొదటి సాయంకాలము దోమలు తప్ప మరేమియు దొరకలేదు; అరగంటకే వాడు విసిగి, "ఇంటికి పోదాం నాన్నా, ఫోనిస్తావా?" అనెను. రెండవ వారమును అంతే. మొన్నటి సోమవారము ఒక చిన్న జెల్ల పడెను. వాడు గంతులు వేసి, "ఫోటో తియ్యి నాన్నా!" అని కేకవేసెను. ఫోను ఇంటిలో బియ్యపు డబ్బామీద ఉండెను. వాడు కొంచెము చిన్నబుచ్చుకొనెను. తరువాత త్రోవలో ఎదురైన వారికందరికి ఆ చేప ఎంత పొడవున్నదో చేతులు చాచి చూపుచు వచ్చెను. ఇల్లు చేరునప్పటికి అది మూరెడు అయ్యెను.